ఇంటి ఖర్చుకు డెబిట్ కార్డా, క్రెడిట్ కార్డా? ముందు మీ రోజీని చూడండి



నంద్యాలలో గానీ ఆళ్లగడ్డలో గానీ ఇప్పుడు కార్డు లేని ఇంటిని వెతుక్కోవాల్సిందే. జన్ ధన్ ఖాతాతో వచ్చిన రూపే కార్డు ఒకటి బీరువాలో బట్టల కింద ఉంటుంది. తన్ఖా పడే ఖాతాది ఇంటాయన జేబులో ఉంటుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో నౌకరీ చేసే పిల్లాడి దగ్గర క్రెడిట్ కార్డు ఒకటో రెండో ఉంటాయి. వాడు ఈద్‌కు ఇంటికొస్తాడు. "అబ్బా, ఇంకా డెబిట్ కార్డే గీకుతున్నారా? నెల సౌదా అంతా క్రెడిట్ మీద తీసుకోండి. పాయింట్లొస్తాయి, నలభై అయిదు రోజులు పైసా సూద్ లేదు" అంటాడు. "అది ఖర్జా కదా బేటా" అని ఆయన అంటాడు. ఇక ఇంట్లో బహస్ మొదలు.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నా మాట ముందే చెప్పేస్తాను. రోజువారీ ఖర్చుకు, అంటే బియ్యం, గోష్త్, పాలు, పెట్రోలు, మందులకు, మన ఇళ్ళలో ఎక్కువమందికి డెబిట్ కార్డే సరి. అయితే ఇప్పుడు మనం వాడుతున్న తీరులో మాత్రం కాదు. ఇల్లంతటి సొమ్మూ ఉన్న ఒకే ఖాతాకు ఒకే కార్డు పెట్టుకుని, దాని పిన్ మొహల్లా అంతా తెలిసేట్టు తిరగడం క్రెడిట్ కార్డుకంటే పెద్ద ఖత్రా. ఆ సంగతికి కూడా వస్తాను.

ఫర్ఖ్ ఒక్క ముక్కలో

డెబిట్ కార్డు గీకితే మన పైసలు పోతాయి. క్రెడిట్ కార్డు గీకితే బ్యాంకు పైసలు పోతాయి, మన మీద ఖర్జ్ నిలుస్తుంది. రెండూ ఒకే సైజు ప్లాస్టిక్, రెండింటి మీదా పదహారు అంకెలే. దుకాణంలో మిషను చేసే చప్పుడు కూడా ఒకటే. అందుకే ఫర్ఖ్ చేతికి తెలియదు, నెల తిరిగాక తెలుస్తుంది.

నూటికి ఎన్ని రూపాయల వడ్డీ?

మన సీమలో వడ్డీని శాతాల్లో చెప్పం, "నూటికి రెండు రూపాయలు", "నూటికి మూడు రూపాయలు" అంటాం. నెలకు వందకు అని దాని అర్థం. మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ణి చూసి "వాడి గడప తొక్కొద్దు" అని పిల్లలకు నేర్పిన ఖాందాన్‌లు మనవి. అదే కొలబద్దతో క్రెడిట్ కార్డును కొలవండి.

చాలా క్రెడిట్ కార్డుల మీద బిల్లు పూర్తిగా కట్టకపోతే పడే సూద్ నెలకు 3 నుంచి 3.75 శాతం మధ్య ఉంటుంది. మూడున్నర అనుకుందాం. ఆ సూద్ మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ. కలిపితే 4.13. అంటే నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసలు. గడప తొక్కొద్దన్న వడ్డీవాడి కంటే ఇది ఎక్కువ. ఫర్ఖ్ ఏమిటంటే వీడు ఏసీలో కూర్చుని, టై కట్టుకుని, "కంగ్రాచ్యులేషన్స్ సర్" అంటాడు.

ఒక హిసాబ్ వేద్దాం. కార్డు మీద 20,000 బిల్లు వచ్చింది. "మినిమమ్ కట్టినా చాలు" అని రాసి ఉంది కాబట్టి వెయ్యి కట్టారు. మిగిలిన 19,000 మీద ఒక నెల సూద్ 665. దాని మీద జీఎస్టీ సుమారు 120. మొత్తం 785. వచ్చే నెల మళ్ళీ వెయ్యి కడితే అందులో అసలుకు చేరేది 215 రూపాయలు మాత్రమే. ఆ కార్డు మీద ఇంకొక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకుండా, నెలనెలా వెయ్యి తప్పకుండా కడుతూ పోతే 38 నెలలు పడుతుంది. 19,000 ఖర్జ్ తీరడానికి దాదాపు 38,000 కట్టాలి. కట్టేవాడు ఒక్క నెల కూడా బేఈమానీ చేయలేదు, చెప్పిన మొత్తం చెప్పిన తారీఖుకు కట్టాడు. అయినా రెట్టింపు అయింది.

పైగా బాకీ మిగిలిన నెల నుంచి "నలభై అయిదు రోజుల మాఫీ" కూడా పోతుంది. కొత్తగా కొన్న పాల ప్యాకెట్ మీద కూడా కొన్న రోజు నుంచే సూద్ మొదలు. ఆ మాఫీ మునుపటి బిల్లు పూర్తిగా తీర్చినవాడికే. ఈ షరతు కార్డు అమ్మేవాడి నోట వినపడదు, కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

సర్కారు అడ్డుకోదా అంటారేమో. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ క్రెడిట్ కార్డు మీద ఏడాదికి 30 శాతం దాటి వసూలు చేయడం అన్యాయమని చెప్పింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. కాబట్టి ఇప్పుడు ఆ 30 శాతం గోడ లేదు. మనమే జాగ్రత్తగా ఉండాలి.

పాయింట్లు ఎవరి జేబులోంచి వస్తాయి?

పిల్లల దలీల్ పాయింట్లది. సరే, దాన్నీ లెక్కేద్దాం. నెలకు 12,000 సౌదా క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే, వందకు రూపాయి చొప్పున తిరిగొస్తుందనుకుంటే, నెలకు 120, ఏడాదికి 1,440. కార్డు ఫీజు 500, దాని మీద జీఎస్టీ 90 తీసేస్తే మిగిలేది 850. ఏడాదంతా ఖచ్చితంగా కడితే దక్కే నఫా ఇది.

ఇప్పుడు ఒక్క నెల తప్పిందనుకోండి. ఇంట్లో నికాహ్ పనో, దవాఖానా తిరుగుడో, తారీఖు మరిచిపోయారు. 12,000 మీద కొన్న రోజుల నుంచి లెక్కేసి నలభై అయిదు రోజుల సూద్ పడితే 620 దాకా, జీఎస్టీతో 730 దాటుతుంది. లేట్ ఫీజు వేరే. ఏడాది నఫా ఒక్క మతిమరుపుతో ఖతమ్. (బిల్లు తారీఖు దాటి మూడు రోజులు గడిస్తేనే లేట్ ఫీజు వేయాలని ఆర్‌బీఐ నియమం ఉంది. సూద్‌కు ఆ మూడు రోజుల మాఫీ ఉందనుకోవద్దు.)

ఇంకో సంగతి. ఆ పాయింట్లు ఆస్మాన్ నుంచి రాలవు. క్రెడిట్ కార్డు గీకిన ప్రతిసారీ దుకాణ్‌వాలా తన అమ్మకంలోంచి రెండు శాతం అటూఇటుగా బ్యాంకులకు వదులుకోవాలి. అందుకే చిన్న దుకాణంలో క్రెడిట్ కార్డు తీస్తే "రెండు పర్సెంట్ ఎక్స్‌ట్రా అవుతుంది భాయ్" అంటారు. డెబిట్ కార్డు మీద ఆ కోతకు హద్దు ఉంది. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న దుకాణానికి 0.4 శాతం, పెద్దవాటికి 0.9 శాతం మించకూడదు. రూపే డెబిట్ కార్డు మీదా, ఖాతా నుంచి పోయే యూపీఐ మీదా 2020 జనవరి 1 నుంచి అసలు కోతే లేదు. నంద్యాల బజారులో కిరాణా పెట్టుకున్న మనవాడికి బియ్యం బస్తా మీద మిగిలేదెంత? అందులోంచి రెండు శాతం తీసి మన పాయింట్లలో వేసుకోవడం నాకైతే నచ్చదు. బ్యాంకుకు మిగతా ఆమ్దనీ ఎక్కడిది? మినిమమ్ కట్టి ఇరుక్కున్నవాడి సూద్‌ది. మన ముఫ్త్ పాయింట్ వెనక ఇంకెవరిదో మజ్బూరీ ఉందని యాద్ ఉంచుకోవాలి.

ఉలమా ఏమన్నారు?

నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వడం నా పని కాదు. ఉన్న మాట ఉన్నట్టు చెబుతాను.

డెబిట్ కార్డు జాయిజ్ అన్నదాంట్లో పెద్ద ఝగడా లేదు. మన సొమ్ము మనం వాడుకోవడమే కాబట్టి. క్రెడిట్ కార్డు దగ్గర ఇఖ్తిలాఫ్ ఉంది. ఇంటర్నేషనల్ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 2000 సెప్టెంబరులో రియాద్‌లో కూర్చుని 108వ నంబరు తీర్మానం చేసింది. ఆలస్యమైతే సూద్ కడతానన్న షరతు ఒప్పందంలో ఉంటే, గడువులోపే కట్టేసే నియ్యత్ ఉన్నా సరే, ఆ కార్డు తీసుకోవడం జాయిజ్ కాదన్నది దాని సారం. బహ్రెయిన్‌లోని ఆయోఫీ సంస్థ షరియా ప్రమాణాల్లో రెండోది ఈ కార్డుల మీదే. సూద్ షరతు ఉన్న క్రెడిట్ కార్డును అదీ ఒప్పుకోదు. ఇంకొందరు ఉలమా మాత్రం అవసరం ఉండి, సూద్ పడే అవకాశమే లేకుండా పూర్తి మొత్తం గడువులోపు కట్టే పక్కా బందోబస్తు చేసుకుంటే గుంజాయిష్ ఉందంటారు. మీరు ఏ ఆలిమ్ మాట వింటారో ఆయన్నే అడగండి. కానీ అడిగేటప్పుడు "కార్డు వాడొచ్చా" అని మాత్రమే అడగొద్దు. "నా ఆమ్దనీ ఇలా వస్తుంది, ఇంతకుముందు ఇన్నిసార్లు తారీఖు తప్పాను" అని కూడా చెప్పి అడగండి. సగం సవాల్‌కు సగం జవాబే వస్తుంది.

కువైట్‌లో ఉన్న తమ్ముడు "మా బ్యాంకు ఇస్లామిక్ కార్డు ఇస్తుంది" అంటే అది అక్కడి మాట. కువైట్ ఫైనాన్స్ హౌస్ లాంటివి 1977 నుంచీ ఉన్నాయి. మన దేశంలో అలాంటి బ్యాంకు లేదు. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సూద్ లేని బ్యాంకింగ్‌కు దారి చూడమని సిఫారసు చేసింది. 2017లో ఆర్‌బీఐ ఒక ఆర్టీఐ జవాబులో ఆ పని ముందుకు తీసుకుపోవడం లేదని చెప్పేసింది. కాబట్టి ఇక్కడ ఎవడైనా "హలాల్ క్రెడిట్ కార్డు" అంటూ వస్తే ఒకటికి పదిసార్లు కాగితాలు చూడండి.

డెబిట్ కార్డు పట్టుకున్నంత మాత్రాన అంతా పాక్ సాఫ్ అని కూడా అనుకోవద్దు. ఇప్పుడు డెబిట్ కార్డు మీద కూడా ఈఎంఐ ఇస్తున్నారు. ఓవర్‌డ్రాఫ్ట్ ఇస్తున్నారు. అవి పేరుకే డెబిట్, పనికి ఖర్జ్. "నో కాస్ట్ ఈఎంఐ" అన్నదీ అంతే. సున్నా వడ్డీ అన్నదే ఉండదని 2013లోనే ఆర్‌బీఐ బ్యాంకులకు చెప్పింది. ఆ సూద్‌ను డిస్కౌంట్ మాటున దాస్తారు, జీఎస్టీ మాత్రం మన దగ్గరే తీసుకుంటారు.

రోజీని చూసి కార్డు

ఇదీ నా అసలు మాట. కార్డు మంచిదా చెడ్డదా అని బహస్ చేసేముందు, మన ఇంటికి పైసలు ఎలా వస్తున్నాయో చూడాలి. క్రెడిట్ కార్డు నెల తన్ఖావాడి కోసం పుట్టిన చీజ్. ప్రతి నెలా ఒకే తారీఖున ఒకే మొత్తం ఖాతాలో పడేవాడికి, ప్రతి నెలా ఒకే తారీఖున బిల్లు కట్టమనడం సులువు. టీచరు, ఆర్టీసీ ఉద్యోగి, బ్యాంకు గుమాస్తా, సాఫ్ట్‌వేర్ పిల్లాడు ఆ లెక్కలో పడతారు.

మిగతా మనమంతా? నంద్యాల, ఆళ్లగడ్డ పొలాలు కేసీ కెనాల్ నీళ్ళ మీద బతుకుతాయి. నీళ్ళొస్తే వరి, పంట అమ్ముడైతే పైసలు. ఆ పైసలు ఏడాదికి ఒకటి రెండుసార్లు కుప్పగా వస్తాయి, మధ్యలో ఖాళీ. క్రెడిట్ కార్డు బిల్లు తారీఖు కెనాల్ గేట్లను చూసి రాదు. బనగానపల్లెలో మామిడి తోట పాటకు తీసుకున్నవాడికి వేసవిలోనే ఆమ్దనీ. ఆళ్లగడ్డ శిల్పికి విగ్రహం పూర్తయి బండెక్కాక గానీ మిగతా పైసలు చేతికి రావు. పరుపులు కుట్టే దూదేకుల భాయ్‌కి పెళ్ళిళ్ళ సీజను ఒక రకం, వానాకాలం ఇంకో రకం. ఆటోవాలాది, మటన్ దుకాణం వాడిది ఏ రోజు రోజీ ఆ రోజుది. కువైట్ నుంచి పంపే సొమ్ము అక్కడి కఫీల్ తన్ఖా ఇచ్చినప్పుడు వస్తుంది, రెండు నెలలు ఆగి ఒకేసారి కూడా వస్తుంది.

ఇలాంటి ఆమ్దనీకి నెలనెలా ముంచుకొచ్చే బిల్లును జతచేస్తే, తప్పడం ఖాయం. అది మనిషి ఇమాన్‌దారీ మీద మచ్చ కాదు. ఒంటెద్దు బండికి జోడెద్దుల కాడి కట్టడం లాంటిది. రోజు కూలీకి, పంట ఆమ్దనీకి డెబిట్టే సరైన కార్డు. ఉన్నంతే పోతుంది, లేనప్పుడు మిషను "లేదు" అంటుంది. ఆ "లేదు" వినడం కాస్త శరమ్ అనిపించొచ్చు. నూటికి నాలుగు రూపాయల కంటే ఆ శరమ్ చవక.

ఇక్కడ ఇంకో గలత్‌ఫహ్మీ ఉంది. రైతు దగ్గరుండే కిసాన్ క్రెడిట్ కార్డు పేరులో క్రెడిట్ కార్డు ఉన్నా, అది పంట ఖర్జ్. వడ్డీ, వాయిదా అన్నీ వేరు. దాన్ని చూపించి "మీకు ఆల్రెడీ క్రెడిట్ కార్డు ఉంది కదా, ఇది కూడా అలాంటిదే" అని అంటగట్టేవాళ్ళ మాట నమ్మొద్దు.

కార్డు గీకి క్యాష్

మన ఊళ్ళలో ముసీబత్ ఎక్కడ మొదలవుతుందో చెబుతాను. సౌదా దగ్గర కాదు, క్యాష్ దగ్గర. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో పైసలు తీస్తే ఫీజు పడుతుంది, మాఫీ రోజులేమీ లేకుండా తీసిన రోజు నుంచే సూద్ మొదలవుతుంది. దాన్ని తప్పించుకోవడానికి కొందరు "కార్డు గీకి క్యాష్ ఇస్తాం" అనే దుకాణాలకు పోతారు. పదివేలు గీకుతాడు, కొన్నట్టు రసీదు రాస్తాడు, రెండు మూడు వందలు కోసుకుని మిగతాది చేతిలో పెడతాడు. నెల తిరిగేసరికి ఆ బిల్లు కట్టడానికి ఇంకో కార్డు గీకుతారు. దానికి మళ్ళీ కోత. ఏమీ కొనకుండా కొన్నట్టు రాయడం ధోకా, బ్యాంకుతో చేసుకున్న షరతుకు ఖిలాఫ్ కూడా. ఈ చక్కర్‌లో పడ్డ ఇంట్లో ముందు పోయేది ఆడవాళ్ళ ఒంటి మీది బంగారం.

ఆపద వస్తే ఏం చేయాలి అంటారా? జబ్బైతే ముందు ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆ ఇలాజ్ వస్తుందో లేదో కనుక్కోండి. మిగతాదానికి మన పాతవాళ్ళు దారి చూపించారు. నిజాం కాలంలో హైదరాబాద్‌లో సూద్ లేని ఖర్జ్ ఇచ్చే సంఘాలు నడిచాయి. ఆ నగరంలోనే పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా వాటి గురించి రాశారు కూడా. ఒక మొహల్లాలో ఇరవై ఇళ్ళు నెలకు ఐదొందల చొప్పున పక్కన పెడితే ఏడాదికి లక్షా ఇరవై వేలు. హిసాబ్ రాసి, ఇద్దరు గవాహ్‌లు పెట్టి నడిపితే చిన్న ఆపదలకు ఏ కార్డూ అక్కర్లేదు. ఖురాన్‌లో అన్నింటికంటే పెద్ద ఆయత్, సూరహ్ బఖరా 282, ఖర్జ్ రాసుకోవడం గురించే. "మనోళ్ళే కదా, కాగితం ఎందుకు" అనేవాళ్ళు అది ఒకసారి చదవాలి.

డెబిట్ కార్డు బలహీనత

ఇప్పుడు అబ్బా వైపు కూడా ఒక మాట. పిల్లాడు చెప్పేదాంట్లో ఒకటి మాత్రం వందకు వంద సచ్. దొంగ చేతిలో పడితే క్రెడిట్ కార్డులో పోయేది బ్యాంకు సొమ్ము, మనం బిల్లు మీద గొడవ పడొచ్చు. డెబిట్‌లో పోయేది మన సొమ్ము. తేలేదాకా ఇంట్లో చేతులు ఖాళీ. జూన్‌లో స్కూలు ఫీజు కట్టాల్సిన వారంలో ఇది జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి.

నియమాలు రెండు కార్డులకూ ఒకటే. 2017 జులై 6న ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, మన తప్పు లేకుండా ఎవరో బయటివాడు మోసం చేస్తే, బ్యాంకు మెసేజ్ వచ్చిన మూడు పనిరోజుల్లో చెబితే మనకు నుక్సాన్ సున్నా. నాలుగు నుంచి ఏడు పనిరోజుల్లో చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాలో మన మీద పడేది గరిష్ఠంగా 10,000, జన్ ధన్ లాంటి బేసిక్ ఖాతాకు 5,000. ఏడు దాటితే బ్యాంకు పాలసీ దయ. చెప్పిన పది పనిరోజుల్లో బ్యాంకు ఆ సొమ్ము ఖాతాలో వేయాలి. కానీ ఓటీపీ, పిన్ మనమే చెప్పేస్తే, బ్యాంకుకు చెప్పేదాకా పోయిందంతా మన నెత్తినే.

పిన్ విషయం మన ఇళ్ళలో చాలా ఢీలా. భర్త కువైట్‌లో, కార్డు భార్య దగ్గర, ఆమె కార్డూ పిన్నూ కలిపి పక్కింటి అబ్బాయి చేతికిచ్చి "బేటా, రెండువేలు తెచ్చిపెట్టు" అంటుంది. ఆ అబ్బాయి ఎంత మంచివాడైనా ఇది గలత్. బెంగళూరులో ఒక ఆమె బాలింతగా ఉండి, ఏటీఎం కార్డు, పిన్ భర్తకే ఇచ్చి 25,000 తెమ్మంది. మిషను పైసలివ్వలేదు, ఖాతాలో మాత్రం కోత పడింది. ఏళ్ళ తరబడి కొట్లాడితే 2018లో కన్స్యూమర్ ఫోరం ఆమెకు ఖిలాఫ్‌గా చెప్పింది. పిన్ ఇంకొకరికి ఇవ్వడమే నియమానికి విరుద్ధమని. సొంత భర్తకిస్తేనే అలాగైతే పక్కింటి అబ్బాయి సంగతి చెప్పేదేముంది? భార్య పేరున ఒక ఖాతా, ఆమె పేరున ఒక కార్డు ఉండాలి. అది ఆమె హఖ్ కూడా.

అందుకే నా మష్వరా ఇది. ఇంటికి రెండు ఖాతాలు పెట్టండి. ఒకటి జమా ఖాతా, దాని కార్డు బయటికి తీయొద్దు, ఫోన్ యాప్‌లకు కలపొద్దు. రెండోది ఖర్చు ఖాతా. నెల మొదట్లో సౌదాకు, పాలకు, పెట్రోలుకు ఎంతవుతుందో అంతే అందులో వేయండి. రోజు రోజీ ఉన్నవాళ్ళు వారానికోసారి వేయండి. ధోకా జరిగినా పోయేది ఆ వారం ఖర్చే, ఇల్లు కాదు. క్రెడిట్ కార్డు ఇస్తానన్న హిఫాజత్‌లో చాలా భాగం ఈ చిన్న పనితోనే దొరుకుతుంది.

ఖర్చు ఖాతాగా బీరువాలో పడి ఉన్న జన్ ధన్ ఖాతానే తీయండి. మినిమమ్ బ్యాలెన్స్ గొడవ లేదు. కేవైసీ పూర్తిగా ఉందో లేదో, నెలకు ఎన్నిసార్లు ముఫ్త్‌గా తీసుకోవచ్చో బ్యాంకులో అడగండి. ఇంకో ఫాయిదా ఉంది. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన జన్ ధన్ ఖాతా రూపే కార్డుకు 2 లక్షల ప్రమాద బీమా ఉంది, అంతకుముందు వాటికి లక్ష. కానీ ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఆ కార్డు ఒక్కసారైనా వాడి ఉండాలి. బీరువాలో పడి ఉన్న కార్డుకు ఆ బీమా రాదు. నెలకోసారి దాంతో సౌదా కొంటే చాలు, బీమా జిందా.

కార్డు మీద ఆన్‌లైన్, విదేశీ లావాదేవీలు అక్కర్లేకపోతే ఆపేయండి. 2020 నుంచి ఆ స్విచ్ మన చేతిలోనే ఉంది. పిన్ లేకుండా తాకిస్తే పోయే మొత్తం 5,000 దాకా ఉంటుంది, దాన్నీ ఆపొచ్చు, తగ్గించుకోవచ్చు. మెసేజ్‌లు వచ్చే నంబరు ఇంట్లో ఉన్నవాళ్ళదై ఉండాలి, కువైట్‌లో మూసేసిన సిమ్‌ది కాదు. ధోకా జరిగితే ముందు బ్యాంకుకు, వెంటనే 1930కి ఫోన్. "రేపు జుమ్మా తర్వాత చూద్దాం" అనొద్దు.

స్కాన్ ఒకటే, జేబు వేరు

"భాయ్, ఇప్పుడు కార్డు ఎవరు గీకుతున్నారు, అంతా ఫోన్ స్కానే కదా" అనొచ్చు. నిజమే. అయితే స్కాన్‌తో ఈ సవాల్ పోలేదు, కనపడకుండా పోయింది. ఖాతా నుంచి పోయే యూపీఐ అంటే డెబిట్టే. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును కూడా యూపీఐకి కలపొచ్చు. పైగా "పే లేటర్" అని యాప్‌లే ఖర్జ్ ఇస్తున్నాయి. చాయ్ దుకాణంలో ఇరవై రూపాయలు స్కాన్ చేసినప్పుడు అది ఖాతాలోంచి పోతోందా, ఖర్జ్‌లోంచి పోతోందా? పిన్ కొట్టేముందు పైన ఏ బ్యాంకు పేరుందో ఒక్కసారి చూడండి. పిల్లలకు కూడా ఇది నేర్పండి.

ఇప్పటికే క్రెడిట్ కార్డు ఉన్నవాళ్ళకు

ఉన్నవాళ్ళను నేను నిలదీయను. నౌకరీ పనిమీద తిరిగేవాడికి హోటల్ బుకింగ్‌లకు, ఆన్‌లైన్‌లో పెద్ద సామాను కొనేవాడికి దాని ఉపయోగం ఉంది. మీ ఆలిమ్ గుంజాయిష్ ఇచ్చి, మీ తన్ఖా పక్కాగా ఉంటే ఇంత చేయండి. ఒక్క కార్డు చాలు. ఆటో డెబిట్ పూర్తి మొత్తానికి పెట్టండి, మినిమమ్‌కు కాదు. ఈ రెండింటిలో ఏది పెట్టారో ఇవాళే చూసుకోండి. లిమిట్‌ను ఒక నెల సౌదా అంతకు తగ్గించండి. క్యాష్, ఈఎంఐ ముట్టొద్దు. బావమరిది అడిగాడని ఆయన ఖర్చు మీ కార్డు మీద వేయొద్దు. చుట్టరికం, సిబిల్ స్కోరు రెండూ ఒకేసారి పోతాయి.

అడగకుండా ఇంటికొచ్చిన కార్డును తీసుకోవాల్సిన పని లేదు. మీ ఇజాజత్ లేకుండా కార్డు ఇచ్చి బిల్లు వేస్తే ఆ మొత్తం వాపస్ తీసుకోవడమే కాక, దానికి రెట్టింపు జుర్మానా మీకు కట్టాలని ఆర్‌బీఐ 2022 ఆదేశాల్లో ఉంది. బాకీ అంతా తీర్చి కార్డు మూసేయమంటే ఏడు పనిరోజుల్లో మూయాలి. లేకపోతే ఆ తర్వాత రోజుకు 500 చొప్పున మీకే చెల్లించాలి. మీ పేరున ఎవరైనా కార్డు తీశారా అని చూసుకోవడానికి ఏడాదికోసారి క్రెడిట్ రిపోర్టు ముఫ్త్‌గా వస్తుంది. రికవరీవాళ్ళు పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదు. ఇవన్నీ మన హఖ్‌లు, తెలిస్తేనే పనికొస్తాయి.

జనాజా నాటి హిసాబ్

చివరిగా ఒకటి. మన దగ్గర మయ్యత్ ఇంట్లో జనాజా లేచేముందు "మరహూమ్ ఎవరికైనా ఖర్జ్ ఉంటే చెప్పండి" అని అడుగుతారు. పాత రోజుల్లో కిరాణా కొట్టాయన, పొలం పక్క రైతు ముందుకొచ్చేవాళ్ళు. కొడుకు "నాది బాధ్యత" అనేవాడు. ఇప్పుడు ఖర్జ్ ఫోన్లో ఉంటుంది, లాక్ వెనక. జనాజాకు బ్యాంకు రాదు, నలభై రోజుల తర్వాత ఫోన్ చేస్తుంది. వరాసత్ పంచుకునేముందు ఖర్జ్ తీర్చాలన్నది మన దీన్. వారిసులకు దక్కిన ఆస్తి మేరకే ఆ బాకీ వస్తుందన్నది దేశ కానూన్. కానీ ఎంత ఉందో ఎవరికీ తెలియకపోతే రెండూ ఎలా అమలవుతాయి?

కాబట్టి డెబిట్టే వాడండి, క్రెడిట్టే వాడండి, ఇంట్లో దాచి మాత్రం వాడొద్దు. ఏ బ్యాంకులో ఏ ఖాతా, ఏ కార్డు, ఎంత బాకీ, నామినీ ఎవరు అన్నది ఒక నోటుబుక్కులో రాసి (పిన్‌లు తప్ప) భార్యకో పెద్దకొడుక్కో కూతురుకో చూపించండి. ఈ వారమే కూర్చోండి. పిల్లాడు తన యాప్ తెరిచి చూపించాలి, అబ్బా తన పాస్‌బుక్ తెచ్చి చూపించాలి. ఎవరు గెలిచారన్నది కాదు, రాత్రి అందరికీ సుకూన్‌గా నీంద్ పట్టాలి.

అల్లాహ్ మన రోజీలో బర్కత్ ఇవ్వుగాక, ఖర్జ్ భారం నుంచి మన ఇళ్ళను కాపాడుగాక. ఆమీన్.

వస్సలాం.